జైలుకి సైకియాట్రిస్ట్ వెళ్తే మా ఓపీ సంగతేంటి?

అంపోలు రోడ్డు:
టీ కొట్టు దగ్గర మా బావతో మొదలైన వాదన ఇది. జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ని వారానికో పూట అంపోలు జిల్లా జైలుకి, వీలైనప్పుడల్లా సబ్ జైళ్ళకీ పంపాలని నేనంటాను. "ఊళ్ళో ఉన్నోళ్ళకే డాక్టర్ దొరకట్లేదు, దొంగలకెందుకు?" అని మా బావ అంటాడు. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు మీ మాట చెప్పండి.

పలాస జీడి:
మీ బావ మాటే నా మాట. మా పిన్ని కొడుక్కి మందులు తేవాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి. చీటీ రాయించుకుని వరుసలో కూర్చుంటే మధ్యాహ్నం దాటిపోతుంది. పిన్నికి ఆ రోజు జీడి ఫ్యాక్టరీ కూలి పోయినట్టే. అంత దూరం వెళ్ళాక "డాక్టర్ గారు ఈ రోజు జైలు డ్యూటీ" అంటే ఎవరికి చెప్పుకోవాలి? తప్పు చేసినవాడి దగ్గరికి డాక్టరే నడిచొస్తాడు, ఏ తప్పూ చెయ్యనివాడు బస్టాండులో పడిగాపులు కాయాలా?

నల్లకోటు:
పలాస గారి కడుపుమంట న్యాయమైనదే. కానీ "తప్పు చేసినవాడు" అని ఎవరు తేల్చారండీ? 2022 జాతీయ లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. వాళ్ళ మీద ఇంకా తీర్పే రాలేదు. మన సబ్ జైళ్ళలో రిమాండ్ వాళ్ళే కదా ఎక్కువ.

ఇంకొకటి. మీ పిన్ని కష్టపడైనా బస్సెక్కగలదు. లోపలున్నవాడు ఎక్కలేడు, తాళం ప్రభుత్వం వేసింది కాబట్టి. జైలుకెళ్ళినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1978లోనే సునీల్ బాత్రా కేసులో చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 103వ సెక్షన్ ఖైదీల కోసమే ఉంది. జైల్లో సైకియాట్రీ వార్డు లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు (ఆ చట్టం కింద ఏర్పాటయ్యేది) అనుమతితో రోగిని బయట మానసిక వైద్యశాలకి మార్చవచ్చు. అదే సెక్షన్‌లో ఒక విచిత్రం కూడా ఉంది. మా జైల్లో మానసిక రోగులెవరూ లేరని జైలు డాక్టర్ మూడు నెలలకోసారి బోర్డుకి ధ్రువీకరించాలి. ఉన్నవాణ్ని గుర్తించి పంపడం కన్నా లేడని సంతకం పెట్టడం సులువు కదా!

గేటు కాపు (రిటైర్డ్):
నేను వార్డర్‌గా చేశాను. లాయర్ గారు చట్టం చెప్పారు, నేను బ్యారక్ సంగతి చెబుతాను. "పిచ్చెక్కింది" అని మేం అనుకునేవాళ్ళలో చాలామంది తాగుడు ఉన్నట్టుండి ఆగిపోయినవాళ్ళు. మొదటి రోజు బాగానే ఉంటాడు. రెండో రోజు చేతులు వణుకుతాయి. మూడో రోజుకి గోడ మీద పాములు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. పక్కవాళ్ళు నటిస్తున్నాడనుకుని రెండు తగిలిస్తారు. అది ప్రాణం తీసే స్థితి అని, సమయానికి మందిస్తే తగ్గుతుందని మాకెవరూ చెప్పలేదు. మామూలు ఎంబీబీఎస్ డాక్టరే చూడగలిగిన జబ్బు ఇది, గుర్తుపట్టాలి అంతే.

విశాఖ మెంటల్ హాస్పిటల్‌కి రాసినా ఎస్కార్ట్ దొరకాలి. బందోబస్తు ఉంటే పోలీసులు రారు. వాళ్ళు ఖాళీ అయ్యేసరికి డాక్టర్ ఇచ్చిన తేదీ దాటిపోతుంది. కాబట్టి డాక్టరే రావడం మేలు.

కోట దగ్గర:
మాది విజయనగరం. మా ఇంటి మనిషిని కొట్టినవాడు ఇప్పుడు "మతిస్థిమితం లేదు" అని కాగితాలు పెట్టుకుంటున్నాడు. జైలుకి మానసిక డాక్టర్ని పంపితే ప్రతివాడూ ఒక పిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. దెబ్బలు తిన్నవాళ్ళ టెన్షన్‌కి ఏ డాక్టర్ వచ్చాడు?

నల్లకోటు:
కోట దగ్గర గారూ, మీ చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. సర్టిఫికెట్ భయం మాత్రం వేరే సంగతి. నేరం చేసిన క్షణంలో తానేం చేస్తున్నాడో తెలియని స్థితిలో ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న. పాత ఐపీసీ 84, ఇప్పటి న్యాయ సంహిత 22వ సెక్షన్ అదే. నిరూపించే భారం నిందితుడిదే, డిప్రెషన్ మాత్రలు మింగుతున్నాడని కోర్టు వదిలెయ్యదు. విచారణ అర్థం చేసుకుని తన వాదన చెప్పుకోగలడా అన్నది రెండోది. చెప్పుకోలేకపోతే కేసు ఆగుతుంది, కొట్టెయ్యరు. ఈ రాత్రి వాడికి మందు కావాలా అన్నది మూడోది. అంపోలు రోడ్డు గారు అడిగింది ఈ మూడోదే. నిజానికి వైద్యం అందితేనే వాడు త్వరగా బోనెక్కుతాడు, మీ కేసు కదులుతుంది.

చిన్నక్క:
మా తమ్ముడికి రిస్పెరిడోన్ (భ్రమలు తగ్గించే మానసిక జబ్బు మాత్ర) ఆగకూడదు. గొడవ కేసులో రిమాండ్ చేశారు, ఏ జైలో చెప్పను. ములాఖత్‌కి మాత్రల అట్ట పట్టుకెళ్తే గేటు దగ్గర ఆపేశారు. డాక్టర్ చీటీ లేని మందు లోపలికి పంపరట. రూల్ మంచిదే, ఎవరేం పంపుతారో ఎవరికి తెలుసు? చీటీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. అది తెచ్చి ఇచ్చేసరికి వాడు నన్ను గుర్తుపట్టలేదు. "నువ్వు మా అక్కవి కావు, పోలీసువి" అన్నాడు. ఇక్కడ ఎవరైనా ఇలాంటి స్థితిలో ఉంటే, రిమాండ్‌కి తెచ్చిన రోజే ఓపీ చీటీ జిరాక్స్ మేజిస్ట్రేట్ గారి చేతికి అందేలా చూడండి. లాయర్‌కి డబ్బుల్లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది. ఫోన్ 15100.

పలాస జీడి:
చిన్నక్కా, మీ తమ్ముడికిప్పుడెలా ఉంది? మా వాడిదీ అదే మాత్ర. అయినా నా మాట మారదు. ఉన్న ఒక్క డాక్టర్నీ సగం చెయ్యకండి. జైలుకి వేరే మనిషిని వెయ్యమనండి.

నల్లకోటు:
అదీ చట్టంలో ఉందండీ. జైలు డాక్టర్లందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలని ఆ 2017 చట్టమే అంటోంది. వాడుతున్న మందు ఆగకుండా చూడటం, తాగుడు కేసు పట్టుకోవడం అక్కడే జరిగిపోతే సైకియాట్రిస్ట్‌కి మిగిలేది కొద్దిమందే. వాళ్ళలో కొందరిని వీడియోలో కూడా చూడొచ్చు.

గేటు కాపు (రిటైర్డ్):
వీడియో అంటే కోర్టు వాయిదాలకే లైన్ కలవక చచ్చేవాళ్ళం. మనిషి రావాల్సిందే.

అంపోలు రోడ్డు:
న్యాయ సేవాధికార సంస్థకి అధ్యక్షులు జిల్లా జడ్జి గారే కాబట్టి అర్జీ అక్కడికే రాస్తున్నాను. మొదట జైలు డాక్టర్లకి శిక్షణ, తర్వాత సైకియాట్రిస్ట్ వారానికో పూట. పలాస గారూ, మీ ఓపీ ఏ రోజుల్లో? ఆ రోజులు వదిలెయ్యమని రాస్తాను.

పలాస జీడి:
సోమ, గురు. రెండూ రాయండి. శనివారం పూట ఎలాగూ జనం తక్కువ, అది తీసుకోమనండి. డాక్టర్ గారు ఒప్పుకుంటారో లేదో అదీ అడగండి.