ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు, వేడి: మూత విప్పాలా, అక్కర్లేదా?

దక్షిణగాలి
నాలుగేళ్ల నాటి ల్యాప్‌టాప్. ఖాళీగా ఉన్నా ఫ్యాన్ హోరుమంటూనే ఉంటోంది. వీడియో కాల్ పెడితే కాసేపటికే కీబోర్డు పైవరుస వేలు పెట్టలేనంత వేడెక్కి, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. వేడి కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ప్రాసెసర్ 97 డిగ్రీలు చూపిస్తోంది. ఫ్యాన్ మార్చాలా, థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని పైనున్న లోహానికి అందించే పూత) మార్చాలా, దుమ్ము దులిపితే సరిపోతుందా? వెనక మూత ఇంతవరకూ విప్పలేదు.

పాతబోర్డు
శబ్దం ఏ రకమో ముందు తేల్చుకోండి. ఉత్త గాలి హోరే అయితే ఫ్యాన్ ఆరోగ్యంగానే ఉంది, దాని నెత్తిన పని ఎక్కువైందంతే. గరగరలాడుతుంటే, ల్యాప్‌టాప్‌ని పక్కకి వంచినప్పుడు ఆ గరగర మారుతుంటే బేరింగ్ అరిగినట్టు. టిక్ టిక్ అని లెక్కగా వస్తుంటే రెక్కకి వైరో చెత్తో తగులుతోంది. ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయినా సన్నటి కీచు వినిపిస్తుంటే అది బోర్డు మీది కాయిళ్ల (తీగ చుట్టల) శబ్దం. ఫ్యాన్ మార్చినా పోదు, వేడితో దానికి సంబంధం లేదు.

97 చూసి కంగారు పడకండి. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి హద్దు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. దాన్ని తాకగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీ వీడియో ఆగి ఆగి రావడం బహుశా అందుకే. పల్చటి ల్యాప్‌టాప్‌లలో బరువైన పనికి 90 దాటడం మామూలే. ఏ పనీ లేనప్పుడు ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న. 40 నుంచి 55 అయితే పర్వాలేదు. 65 పైన నిలిచిపోతే ఏదో ఉంది.

కెర్నల్‌కబుర్లు
స్క్రూడ్రైవర్ తీసే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ కాలమ్ మీద నొక్కి, ఐదు నిమిషాలు చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం వాడకం ఐదు శాతం లోపు ఉండాలి. పెద్ద అప్‌డేట్ తర్వాత ఫైళ్ల ఇండెక్సింగ్, యాంటీవైరస్ స్కాన్ గంటల తరబడి నడుస్తాయి. వాటంతట అవే ఆగుతాయి. బ్రౌజర్‌లో ఏ ట్యాబ్ తినేస్తోందో దాని సొంత టాస్క్ మేనేజర్ చెబుతుంది: క్రోమ్‌లో షిఫ్ట్ ఎస్కేప్. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆఫ్ అయి ఉంటే వీడియో భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, అదీ చూడండి. లినక్స్‌లో అయితే వేడి చూపే సెన్సర్స్, కరెంటు ఏది తింటోందో చెప్పే పవర్‌టాప్ కమాండ్లు చాలు.

ఇంకోటి చాలామందికి తట్టదు. కొన్ని గేమింగ్ మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా విడి గ్రాఫిక్స్ చిప్‌కే కలిపి ఉంటుంది. బయటి మానిటర్ తగిలిస్తే ఆ చిప్ ఇక నిద్రపోదు, ఖాళీగా ఉన్నా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అది జబ్బు కాదు, కట్టడమే అంత. టైప్ సీ పోర్టు లోపలి గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటే మానిటర్‌ని అటు మార్చుకోవచ్చు.

రెండోస్క్రూ
ఇంత తతంగం దేనికండీ. పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి తగ్గించండి. టర్బో (చిప్ అవసరానికి మామూలు వేగం దాటి పరిగెత్తడం) ఆగిపోతుంది, వేడి అక్కడికక్కడే 15, 20 డిగ్రీలు పడిపోవచ్చు.

పాతబోర్డు
పడుతుంది, వేగం కూడా పడుతుంది. నాలుగేళ్లు దుమ్ము మింగిన యంత్రానికి అది మందు కాదు, నొప్పి తెలియకుండా చేయడం. కాకపోతే పరీక్షకి మాత్రం ఆ 99 భలే పనికొస్తుంది. ఇలా వాడండి.

వేడి రెండు చోట్ల ఆగుతుంది. చిప్ నుంచి రాగి గొట్టాల మీదుగా రేకుల దాకా చేరకపోవడం ఒకటి, రేకుల దాకా చేరి గాలిలోకి పోలేకపోవడం రెండోది. మొదటిది పేస్ట్ తప్పు, రెండోది దుమ్ము తప్పు. టర్బో ఆన్‌లో ఉంటే ఏ చిప్పయినా క్షణంలో ఎగబాకుతుంది కనక తేడా తెలియదు. అందుకని 99 పెట్టి, ఏదైనా స్ట్రెస్ టెస్ట్ (ప్రాసెసర్‌కి కావాలని పూర్తి పని పెట్టే ప్రోగ్రామ్) నడిపి, గ్రాఫ్ చూడండి. రెండు మూడు సెకన్లలోనే 90కి దూకితే పేస్ట్ ఎండిపోయింది, లేదా హీట్‌సింక్ (ఆ గొట్టాలూ రేకులూ కలిసిన ముక్క) చిప్‌కి సరిగా ఆనడం లేదు. ఐదు పది నిమిషాలు మెల్లగా పాకుతూ 90 చేరితే గాలి దారి మూసుకుపోయింది.

అదే సమయంలో గాలి బయటికొచ్చే జాలీ దగ్గర చెయ్యి పెట్టండి. ఫ్యాన్ అరుస్తున్నా గాలి నీరసంగా వస్తే దుమ్ము. గాలి దండిగా వస్తూ గోరువెచ్చగా మాత్రమే ఉండి, చిప్ 95లో ఉంటే పేస్ట్, లేదంటే దెబ్బతిన్న హీట్ పైప్, అంటే ఆ రాగి గొట్టం. పైప్ లోపల ఉండేది కాస్త ద్రవం. అది ఆవిరై వేడిని మోస్తుంది. గొట్టం వంగినా నలిగినా ఆ పని ఆగిపోతుంది, బాగు చేసే వీలు లేదు, హీట్‌సింక్ మొత్తం మార్చాల్సిందే.

దక్షిణగాలి
చూశాను. ఖాళీగా 66, వాడకం 3 శాతం. గరగర లేదు, హోరే. 99 పెట్టి టెస్ట్ నడిపితే ఏడెనిమిది నిమిషాలకి 91 చేరింది. జాలీ దగ్గర గాలి తగిలీ తగలనట్టు ఉంది. దుమ్మే అన్నమాట. బయటినుంచి గాలి డబ్బాతో ఊదితే సరిపోతుందా?

మూతవిప్పు
నాలుగేళ్ల దుమ్ముకి సరిపోదు. ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా అట్టకడుతుంది. బయటినుంచి ఊదితే ఆ అట్ట వెనక్కి జరిగి ఫ్యాన్ రెక్కల్లో పడుతుంది, రెండు రోజుల్లో మళ్లీ అక్కడికే చేరుతుంది. ఫ్యాన్ ఊడదీసి, అట్టని ట్వీజర్‌తో పట్టి లాగాలి. ఒక్క ముక్కగా వస్తుంది.

షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. చాలావాటికి పీహెచ్0 లేదా పీహెచ్00 స్క్రూడ్రైవర్ చాలు, కొన్నిటికి టీ5 టార్క్స్ (నక్షత్రం ఆకారపు మొన ఉన్నది) కావాలి. రబ్బరు కాళ్ల కింద దాచిన స్క్రూలు ఉంటాయి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. మూత ఒక మూల రావడం లేదంటే బలం పెట్టకండి, ఇంకో స్క్రూ మిగిలే ఉంటుంది. తీసిన స్క్రూలని కాగితం మీద అవి ఉన్న చోట్లే గుచ్చి పెట్టండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు పొంగుతుంది, లేదా బోర్డుని పొడుస్తుంది.

మూత తెరవగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో, ఇనుముతో కాదు. తర్వాత పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే, టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉంటే, దుమ్ము సంగతి పక్కన పెట్టండి. దాన్ని నొక్కడం, గుచ్చడం, ఛార్జ్ చేయడం అన్నీ ఆపి ముందు బ్యాటరీ మార్పించాలి.

ఫ్యాన్ కనెక్టర్‌ని వైర్లు పట్టి లాగితే బోర్డు మీది సాకెట్టే ఊడొస్తుంది. ప్లాస్టిక్ భాగాన్ని రెండు వైపులా కొంచెం కొంచెంగా కదుపుతూ తీయాలి. ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో ఆపండి. గాలి జోరుకి ఫ్యాన్ దాని హద్దు దాటి తిరిగి బేరింగ్ పాడవుతుంది, బోర్డుకి కలిపే ఉంటే ఎదురు కరెంటు పుట్టిస్తుంది. గాలి డబ్బా నిటారుగానే పట్టుకోవాలి, వంచితే ద్రవం చిమ్ముతుంది. ఇంట్లో ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టొద్దు, స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు) బోర్డుని దెబ్బతీస్తుందని భయం.

రెండోస్క్రూ
ఎలాగూ విప్పారు కదా, పేస్ట్ కూడా మార్చేయండి.

చల్లటిచిప్
ఫ్యాన్, హీట్‌సింక్ ఒకే ముక్కగా ఉండి విడదీయక తప్పకపోతే మార్చాలి. ఫ్యాన్ విడిగా వస్తే, పరీక్షలో పేస్ట్ బాగానే ఉందని తేలింది కనక, ఈసారికి ముట్టుకోకపోవడమే నయం. ఒక్కసారి హీట్‌సింక్ లేపారంటే పాత పేస్ట్‌తో మళ్లీ పెట్టకూడదు, మధ్యలో గాలి చేరుతుంది.

లేపాల్సి వస్తే స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, బిగించేటప్పుడు చిన్నదాని నుంచి పెద్దదానికి. ఒక్కోటి ఒకేసారి బిగించేయకుండా అన్నీ సగం సగం తిప్పుతూ పోవాలి. మూల మీద బరువు పడితే చిప్ అంచు పగులుతుంది. పాతది 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ల్యాప్‌టాప్ చిప్ మీద రేకు మూత ఉండదు, సిలికాన్ నేరుగా బయటికే ఉంటుంది. మధ్యలో చుక్క పెట్టి వదిలేస్తే మూలలు పొడిగా మిగలొచ్చు. మొత్తం పరుచుకునేలా పల్చగా రాయండి.

పల్చటి పేస్ట్‌లు వేడెక్కి చల్లారే కొద్దీ అంచులకి జారిపోతాయి. చిక్కటి రకం తీసుకోండి, లేదా హనీవెల్ పీటీఎం7950 లాంటి వేడికి మెత్తబడే పొర వేయండి. దాన్ని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే అంటుకోకుండా కాగితం ఊడుతుంది. లిక్విడ్ మెటల్ జోలికి పోకండి. కరెంటు ప్రవహిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది.

పక్కనున్న మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్‌లు చిరిగితే అదే మందం కొనాలి. 1 మిల్లీమీటరు ఉన్న చోట 1.5 పెడితే హీట్‌సింక్ ప్రాసెసర్‌కి ఆనదు. పేస్ట్ మార్చాక వేడి ఇంకా పెరిగిందని అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

దక్షిణగాలి
ఫ్యాన్ విడిగానే వచ్చింది, పేస్ట్ ముట్టుకోలేదు. అట్ట తీశాను. ఖాళీగా 47, అదే టెస్ట్‌లో 74. ఫ్యాన్‌ని వేలితో తిప్పితే కొంచెం అటూ ఇటూ ఊగుతోంది. నూనె వేయాలా?

మూతవిప్పు
వెంట్రుక మందం ఊగడం కొన్ని బేరింగ్‌లకి మామూలే. గరగర లేదు కనక వదిలేయండి. గరగర మొదలైతే స్టిక్కర్ కింద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్ని వారాలు నెట్టుకురావచ్చు. తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు, ఉన్న నూనెని కడిగేసి అవి ఆవిరైపోతాయి. అరిగినదానికి శాశ్వత వైద్యం కొత్త ఫ్యానే.

కొనేటప్పుడు మోడల్ పేరు నమ్ముకోకుండా ఫ్యాన్ మీద అచ్చైన పార్ట్ నంబరు చూడండి. ఒకే మోడల్‌లో విడి గ్రాఫిక్స్ ఉన్నదానికీ లేనిదానికీ ఫ్యాన్ వేరు. రెండు ఫ్యాన్లు ఉంటే కుడి ఎడమలు వేరు. వోల్టేజి కూడా కలవాలి: ఎక్కువవాటికి 5, కొన్ని గేమింగ్ వాటికి 12. నాలుగు వైర్లలో రెండు కరెంటువి, ఒకటి వేగం ఎంతో చెప్పేది, ఒకటి ఎంత వేగంగా తిరగాలో ఆజ్ఞ ఇచ్చేది. వేగం చెప్పే వైరు తెగితే ఫ్యాన్ తిరుగుతున్నా ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది.

దక్షిణగాలి
సరేనండి. చివరిగా ఒకటి. మూత బిగించాక మొదటిసారి ఆన్ కాలేదు. ఛార్జర్ పెడితే వచ్చింది. ఏదైనా పాడైందా?

చల్లటిచిప్
లేదు. బ్యాటరీ ఊడదీసి పెట్టాక కొన్ని మోడళ్లు ఛార్జర్ తగిలిస్తేగానీ లేవవు. గడియారం తప్పు చూపిస్తుంటే సరిచేసుకోండి, లేకపోతే వెబ్‌సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి. పరీక్షకి పెట్టిన 99ని మళ్లీ 100 చేయడం మర్చిపోకండి.