గోడౌన్‌లో సాల్ట్ బిస్కెట్లు మెత్తబడుతున్నాయి, కారణం ఎలా తేల్చుకోవాలి?

నరసన్నపేటలో బిస్కెట్ల హోల్‌సేల్ చేస్తున్నాను. టెక్కలి, కోటబొమ్మాళి కిరాణా షాపులకు మా సరుకే వెళ్తుంది. జులై నుంచి సాల్ట్ క్రాకర్లు మెత్తబడి వాపసు వస్తున్నాయి. క్రీమ్ బిస్కెట్ల మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

లోడు దిగిన రోజు విప్పి చూస్తే కరకరలాడుతున్నాయి. 20 రోజులకు కింది రెండు వరసలే పాడవుతున్నాయి. అట్టపెట్టెలు 9 వరసలు పేరుస్తాం. సిమెంటు రేకుల షెడ్డు, గచ్చు నేల. తేమ మీటరు పొద్దున 85 శాతం, మధ్యాహ్నం 70 చూపిస్తోంది.

చెక్క పలకల మీద పెట్టాను, గోడకు అడుగు దూరం జరిపాను, పాత సరుకు ముందు పంపుతున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా పెట్టాను కానీ, వానాకాలంలో అది బయటి తేమనే లోపలికి లాగుతోందేమోనని రాత్రిపూట ఆపేస్తున్నాను. ఏదీ పనిచేయలేదు.

నిన్న కింది వరస ప్యాకెట్లు 10 బకెట్ నీళ్లలో ముంచి నొక్కితే మూడింటికి సీలు దగ్గర బుడగలు వచ్చాయి. పై వరసవి పదింటిలో ఒక్కదానికీ రాలేదు. కంపెనీవాళ్లు మాత్రం తప్పు గోడౌన్ తేమదే అంటున్నారు. చిన్న షాపులవాళ్లు నష్టపోతున్నారని చాలా టెన్షన్‌గా ఉంది.

పై బరువుకి సీలు వదులవుతోందా, నేల తేమే కారణమా అన్నది డబ్బు ఖర్చు పెట్టకముందే తేల్చుకోవాలంటే ఏ పరీక్ష చేయాలి?