అప్‌డేట్: పాత మహీంద్రా జీపుకు క్రౌన్ పినియన్ మార్పించిన తరువాత

నాలుగో గేరులో 60 కిలోమీటర్ల వేగానికే నా పాత మహీంద్రా డీజిల్ జీపు ఇంజను గోలపెడుతోందని నేను అడిగినప్పుడు ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డిఫరెన్షియల్ (ఇరుసు నడుమ ఉండి ఇంజను శక్తిని చక్రాలకు అందించే గేర్ల పెట్టె) విప్పి పళ్లు లెక్కపెట్టమన్న సలహాయే దారి చూపింది. అందులోని పెద్ద గేరు క్రౌన్‌కు 43, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కు 8 పళ్లు ఉన్నాయి, అంటే నిష్పత్తి 5.38; చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే పినియన్ అన్ని చుట్లు తిరగాలి. మెకానిక్ 47, 11 పళ్ల సెట్లు, అంటే 4.27, ముందు వెనుక ఇరుసులు రెండింటికీ వేశారు. ఒక్కదానికే మార్చి ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ వేయగానే రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పెనుగులాడేవి. పళ్లకు పసుపు రంగు పూసి తిప్పి, ఆ ముద్ర పంటి నడుమ పడేదాకా షిమ్‌లు (గేర్ల స్థానం సరిచేసే పలుచని రేకులు) మార్చడానికే ఒక రోజంతా పట్టింది. అంత ఓపిక లేని చోట ఈ పని చేయించవద్దని నా మనవి.

ఇప్పుడు అదే వేగానికి ఇంజను చుట్లు సుమారు ఐదోవంతు తగ్గాయి, విజయవాడ రహదారిపై పక్కవారితో మామూలు గొంతుతో మాట్లాడగలుగుతున్నాను. లాగే బలం కూడా అంతే తగ్గింది కనుక నిటారు ఎక్కుడుకు లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరు) వేస్తున్నాను. ఐదు గేర్ల గేర్‌బాక్సు అవసరం పడలేదు; నేను అనుమానించిన, ఇంజనులోకి డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపుకు దీనితో సంబంధమే లేదు. స్పీడోమీటరు కేబులు ఇరుసులకంటే ముందే, శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది, ఇరుసుల్లో మారిన నిష్పత్తి దాని లెక్కలోకి రాదు కాబట్టి, ముల్లు 60 చూపినప్పుడు బండి నిజానికి 75 దాటుతోంది. ఫోనులోని జీపీఎస్‌తో తప్పక సరిచూసుకోండి.