రాశాడా, రాశారా?

ఒక వ్యాసం ప్రూఫ్ చూస్తున్నాను. 'కామి నో షిజుకు' అనే జపాన్ వైన్ మాంగా (బొమ్మల కథ) గురించి. "ఈ కథను తదాషి అగి రాశాడు" అని ఉంది. తదాషి మగపేరే. కానీ అది ఒక అక్కా తమ్ముడూ కలిసి పెట్టుకున్న కలం పేరట. ఇప్పుడేం చెయ్యాలి?

↳ 'రాశారు' అనండి, పని అయిపోతుంది. ఒక్కరికైతే గౌరవం, ఇద్దరికైతే బహువచనం. జపనీస్‌లో ఈ బెడదే లేదు, 'కాయిత' అంటే రాశాడు, రాసింది, రాశారు అన్నీ అదే. మన తిరుపతి వేంకట కవులకైతే బహువచనం పేరులోనే ఉంది. వీళ్ళేమో ఇద్దరూ కలిసి లేని మూడో మనిషిని పుట్టించారు.

తమ్ముడి అసలు పేరు షిన్ కిబాయాషి, 1962లో పుట్టారు. కొదాన్షా సంస్థలో 'వీక్లీ షోనెన్ మ్యాగజైన్' ఎడిటర్‌గా పనిచేశారు. మాంగా ఎడిటర్ అంటే అచ్చుతప్పులు దిద్దే మనిషి అనుకోకండి. ఆర్టిస్టుతో కూచుని కథ తేల్చాలి, 'నేమ్' సరిచూడాలి. (అక్కడ 'నేమ్' అంటే పేరు కాదు, డైలాగులతో గీసిన పేజీల చిత్తుప్రతి!) 1992లో మొదలైన కిందాయిచి డిటెక్టివ్ కథల్లో ఆయన చెయ్యి ఉంది, పేరు మాత్రం సెయిమారు అమాగి. 1999లో ఉద్యోగం మానేశారు. అక్క యూకోతో కలిసి రాసిన వైన్ కథ 2004 నుంచి 2014 దాకా 'మార్నింగ్' పత్రికలో వచ్చి 44 సంపుటాలైంది.

నాకు ముచ్చటేసింది ఆ పేర్లే. కిబాయాషిలో 'కి' అంటే చెట్టు, 'హయాషి' అంటే అడవి. అగి, అమాగి, ఇంకో కలం పేరు అవోకి, మూడింటి చివరా రాతలో అదే చెట్టు అక్షరం. అమాగి అంటే ఆకాశపు చెట్టు, అవోకి అంటే పచ్చని చెట్టు. జోజి అరిమోరి అని ఇంకోటుంది, అందులో 'మోరి' అంటే మళ్ళీ అడవే. ఎన్ని పేర్లు మార్చినా ఇంటిపేరు వదల్లేదు మహానుభావుడు.

↳ 'కి' కదా, 'గి' ఎందుకైంది?

↳ కూరగాయలో కాయ 'గాయ' అయినట్టే! సమాసంలో రెండో పదం మొదటి హల్లు మెత్తబడుతుంది. తల్లిదండ్రుల్లో త ద అయింది చూడండి. 'హయాషి' కూడా అందుకే 'బాయాషి' అయింది. జపనీస్ 'హ' ఒకప్పటి 'ప' కాబట్టి అది ప, బ జంటే. అయితే అన్నిచోట్లా జరగదు, అవోకిలో 'కి' అలాగే ఉండిపోయింది.

↳ సరేనండీ, 'రాశారు' అని మార్చేశాను. కింద పేరాలో 'ఈ రచయిత' అని ఉంది. 'రచయితలు' చెయ్యనా?

↳ వద్దు, పేరు ఒక్కటే కదా. కానీ దాని పక్కన 'ఆయన' ఉంటే మాత్రం కొట్టెయ్యండి, అక్కగారు ఊరుకోరు.