గుత్తి కోటకు ఒక్కరోజు ప్రయాణం: పెద్దవాళ్ళను పైదాకా తీసుకెళ్ళవచ్చా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు నెలాఖరులో ఒక ఆదివారం మా కుటుంబమంతా గుత్తి కోటకు వెళ్ళాలని అనుకుంటున్నాము. చిన్నా పెద్దా కలిపి పదకొండు మందిమి, ఒక తుఫాన్ బండి మాట్లాడుకున్నాము. తెల్లవారుజామున నాలుగున్నరకు కర్నూలులో బయలుదేరి, డోన్ మీదుగా ఆరున్నరకల్లా గుత్తి చేరి, వెలుతురు రాగానే ఎక్కడం మొదలుపెట్టి, తొమ్మిదింటికి కొండ కొసన ఉండాలన్నది నా ఆలోచన. మధ్యాహ్నం పైనే భోంచేసి, ఎండ తగ్గాక నాలుగు గంటలకు దిగుతాము. మాతో మా నాన్నగారు కూడా వస్తారు. ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. షుగరుకు మాత్రలు వేసుకుంటారు, రోజూ పొద్దున గంటసేపు నడుస్తారు. ఆయనను పైదాకా తీసుకెళ్ళవచ్చా, మనిషికి ఎన్ని నీళ్ళు పట్టుకెళ్ళాలి అన్నది అనుభవం ఉన్నవాళ్ళు చెప్పాలని కోరుతున్నాను.

గుత్తి కోటవీధి

మీరు ఆరున్నరకు ఎక్కడం మొదలుపెట్టడం మంచిదే. మిగతా ప్రణాళికతో నేను ఏకీభవించలేను. డిసెంబరే కదా అని మీరు అనుకుంటున్నారు గానీ, మన సీమలో డిసెంబరు ఎండ కూడా పదకొండు గంటలు దాటితే బండను కాలుస్తుంది. పైన చెట్టు నీడ దొరకదు, ఉన్న నీడంతా పాడుబడిన కట్టడాలదే. ఇక భోజనం సంగతి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1959 నాటి నిబంధనల ప్రకారం రక్షిత కట్టడంలో అనుమతించిన చోట తప్ప వండుకోకూడదు, తినకూడదు. పదకొండు మంది విస్తరాకులు, పెరుగు డబ్బాలు పట్టుకుని పైకి వెళ్తే ఏమి మిగులుతుందో ఈ ఊళ్ళో ఉండేవాళ్ళము ప్రతి సోమవారమూ చూస్తున్నాము.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు. అంతకు తగ్గించవద్దు. ఈ కోట గోడ కూలి పడిపోయింది కాదు, నీళ్ళు లేక పడిపోయింది. 1776లో హైదరు అలీ ముట్టడిలో ఊరూ కింది కోటా పోయాక గుత్తిని ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే పై కోటలో నిలబడ్డాడు. పైకి చేరిన జనానికీ పశువులకూ నీళ్ళు చాలలేదు. లొంగిపోయి, చివరికి మైసూరు సీమలోని కబ్బాలదుర్గం చెరలో ప్రాణం విడిచాడు.

చిత్రావతి

మేము ఇద్దరు పిల్లలతో ఎక్కి దిగాము, మనిషికి ఒక లీటరు సీసా సరిపోయింది. మూడు లీటర్లు అనవసరమైన బరువు.

కొండారెడ్డి బురుజు

కోటవీధి గారూ, పదకొండు మందికి మూడేసి లీటర్లంటే ముప్పై మూడు లీటర్లు. అంటే ముప్పై మూడు కిలోలు. పిల్లలనూ నాన్నగారినీ తీసేస్తే ఆ బరువంతా నలుగురైదుగురి భుజాల మీద పడుతుంది. రెండు లీటర్లు చాలని నా అభిప్రాయం. కోటలో నూటికి పైగా బావులు ఉండేవని చెబుతారు కదా, అవసరమైతే కనీసం ముఖం కడుక్కోవడానికైనా పనికిరావా?

గుత్తి కోటవీధి

బావులు ఉన్నంత మాత్రాన నీళ్ళు ఉన్నట్టు కాదు. అవి వానాకాలంలో కొండ మీద పడిన నీటిని పట్టి నిలిపినవి. వాటిని పూడిక తీసి కాపాడుకునే సైన్యం ఉన్నంతకాలం అవి బావులు, ఇప్పుడవి పాచి పట్టిన గుంటలు. అంచులు జారుతాయి. పిల్లలు తొంగి చూడకుండా ఒకరు చెయ్యి పట్టుకుని ఉండాలి.

మీరు రెండు లీటర్ల లెక్కను పైకి ఎక్కడానికి మాత్రమే వేసుకున్నారు. మైదానం నుంచి కొస దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు. కుర్రవాళ్ళు గంటన్నరలో ఎక్కుతారు. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న గుంపుకు రెండున్నర గంటలు పడుతుంది. మీ ప్రణాళిక ప్రకారం నాలుగు గంటల దాకా పైనే ఉంటే అది తొమ్మిదిన్నర గంటల మాట, దిగడం దానికి అదనం. తొమ్మిదిన్నర గంటలకు రెండు లీటర్లు చాలుతాయా? చిత్రావతి గారు పైన ఎంతసేపు ఉన్నారో చెప్పలేదు.

చిత్రావతి

పది గంటలకల్లా దిగిపోయాము.

ప్రొద్దుటూరు కోడలు

నేను నర్సుగా పనిచేస్తున్నాను. ఇంతసేపూ లీటర్ల గురించే మాట్లాడుతున్నారు గానీ, ఆ పెద్దాయన ఏ మాత్రలు వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకుని, టిఫిను ఆలస్యం చేసి, రెండు గంటలు కొండ ఎక్కితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతుంది. ఎండదెబ్బేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు నీళ్ళు తాగిస్తూ కూర్చుంటారు, కావలసింది మాత్రం గ్లూకోజు. ఆ రోజు మాత్ర ఎంత వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. బండి ఎక్కేముందో, గుత్తిలో దిగగానేనో కడుపునిండా తిననివ్వండి. షుగరు ఉన్నవాళ్ళకు పాదాలలో స్పర్శ తగ్గి ఉంటే బొబ్బ లేచినా తెలియదు. కొత్త బూట్లు కొని ఆ రోజే వేయవద్దు.

ఇంకొక మాట చెప్పాలి. మా అత్తగారిని ఒక గుంపుతో కలిసి ఒక కొండకోటకు తీసుకెళ్ళాము. నడిపించేవాళ్ళు అరగంటలో తిరిగి వస్తామని చెప్పి, ఆమెను ఒక వాకిలి దగ్గర కూర్చోబెట్టి, మమ్మల్ని పైకి తీసుకెళ్ళారు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆమె గోడ నీడ జరిగినకొద్దీ జరుగుతూ చివరికి మెట్టు మూలన ముడుచుకుని కూర్చుంది. చేతిలో సీసా ఖాళీ. ఆ తర్వాత ఆమె మాతో ఎక్కడికీ రాలేదు. పైదాకా తీసుకెళ్ళడం ప్రమాదమా కాదా అన్నది తర్వాత. మధ్యలో వదిలే ఆలోచన ఉంటే మాత్రం అసలు తీసుకెళ్ళవద్దు.

కొండారెడ్డి బురుజు

అమ్మా, మందుల గురించి చెప్పింది ఎంతో ఉపయోగం. ఆయన వేసుకునేది మీరన్న మాత్రే. ఆయనను ఒంటరిగా వదలము, నేను పక్కనే ఉంటాను. భోజనం కూడా కిందికి దిగాకే చేస్తాము.

గుత్తి కోటవీధి

పక్కన ఉన్నంత మాత్రాన మోకాళ్ళు ఆగవు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి మనిషి ఆగుతాడు. దిగేటప్పుడు ఆయాసం ఉండదు కాబట్టి ఆగడు, బరువంతా మోకాళ్ళ మీదా కాలివేళ్ళ మీదా పడుతుంది. అరిగి నున్నబడిన మెట్ల మీద, ఎండుగడ్డి పరిచిన వాలు బండ మీద జారేది దిగేటప్పుడే. రోజూ గంట నడిచేది మట్టసమైన రోడ్డు మీద కదా. నా మాట వినండి. ఆయనను కింద ఆంగ్లేయుల శ్మశానవాటిక దగ్గర, మొదటి వాకిలి దగ్గర తిప్పి చూపించండి. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను ముందు గుత్తిలోనే పూడ్చారు, తర్వాత మద్రాసు కోటకు తరలించారు. కింద చూడవలసింది తక్కువేమీ లేదు. కొసకు చేరాలన్న పట్టుదల మీ నాన్నగారిదా, మీదా అన్నది ఒకసారి ఆలోచించండి.

కొండారెడ్డి బురుజు

ఆ చివరి మాట నన్ను బాధించింది కాబట్టి సమాధానం చెప్పక తప్పదు. మా నాన్నగారు గుత్తి డీజిల్ షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. పొద్దున షిఫ్టుకు వెళ్తూ ఆ కొండను చూశారు, రాత్రి షిఫ్టు దిగి వస్తూ చూశారు. సెలవు దొరికితే మా చదువులు, మా అక్క పెళ్ళి, ఊళ్ళో పొలం. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈ ప్రయాణం అడిగింది ఆయనే. షుగరు వచ్చినప్పటి నుంచి ఇంట్లో అందరమూ ఆయనకు వద్దు అనే మాటే చెబుతున్నాము. తీపి వద్దు, బండి నడపవద్దు, బావి మోటారు దగ్గరకు ఒక్కరే వెళ్ళవద్దు. ఇప్పుడు మీరు కూడా వచ్చి, ఇన్నేళ్ళు కింద నుంచి చూసిన కొండను మళ్ళీ కింద నుంచే చూడమంటున్నారు. కోట మీ వీధిలో ఉన్నంత మాత్రాన ఎవరు ఎక్కాలో నిర్ణయించే హక్కు మీకు రాదు.

గుత్తి కోటవీధి

హక్కు నాకు లేదు, నిజమే. కానీ పడ్డప్పుడు మోసేది ఈ వీధి మనుషులే. మా మేనమామ మీ నాన్నగారి వయసువారే, మీ నాన్నగారిలాగే అడిగి ఎక్కారు. కాదనడానికి మొహమాటపడి మేము సరేనన్నాము. దిగేటప్పుడు చీలమండ విరిగింది. సాయంత్రమైంది, కోటలో దీపం లేదు, స్ట్రెచరు రాదు. నులకమంచం తెప్పించి, దానికి ఆయనను పంచెతో కట్టి, నలుగురం మారుతూ సెల్‌ఫోను వెలుతురులో దించాము. మలుపు దగ్గర మంచం ఒరిగిన ప్రతిసారీ ఆయన అరిచిన అరుపు నాకు ఇప్పటికీ మరపు రాదు. ఆ కాలు మళ్ళీ సరిగా నిలవలేదు. పెద్దవాళ్ళ కోరిక తీర్చడం ప్రేమే. వద్దని చెప్పి వాళ్ళ కోపం భరించడం కూడా ప్రేమే అని నేను అంటున్నాను.

ప్రొద్దుటూరు కోడలు

ఇద్దరి బాధా అర్థమైంది. కానీ అన్నా, ఇద్దరూ ఆయన తరఫున మీరే మాట్లాడుతున్నారు. ఆయనకు ఈ ప్రమాదాలన్నీ విడమరచి చెప్పారా? చీలమండ సంగతీ, చక్కెర పడిపోయే సంగతీ తెలిసిన తర్వాత కూడా వస్తానంటే అది ఆయన నిర్ణయం. తెలియకుండా వస్తే అది మీ నిర్ణయమే అవుతుంది.

పత్తికొండ మాష్టారు

కొసకు చేరడమా, కిందే ఉండిపోవడమా అని రెండే దారులు ఉన్నట్టు వాదిస్తున్నారు. ఇది ఒక్క శిఖరం మీద ఒక్క గుడి ఉన్న కొండ కాదు. ఒక వాకిలి దాటితే మరొక వాకిలి, ఒక ప్రాకారం దాటితే మరొక ప్రాకారం వస్తాయి. ప్రతి వాకిలి దగ్గరా దారి ఎందుకు వంపు తిరిగిందో నిలబడి చూడండి. తలుపును పగలగొట్టడానికి ఏనుగు పరుగెత్తి వచ్చే చోటు లేకుండా చేశారు, పై గోడ మీద నుంచి కింద వచ్చేవాడు ఎటు తిరిగినా కనబడతాడు. బుక్కరాయల కాలపు శాసనం ఈ కోటను దుర్గాలకే రాజుగా పొగిడింది. ఆ పొగడ్తకు కారణం కొస కాదు, ఈ దారి. నేను పిల్లలను తీసుకెళ్ళినప్పుడు దూరంతో లెక్క పెట్టను, గడియారంతో లెక్క పెడతాను. తొమ్మిదిన్నరకు ఎక్కడ ఉంటే అక్కడే వెనక్కి తిరుగుతాము. ఎవరూ ఓడిపోయినట్టు ఉండదు.

కొండారెడ్డి బురుజు

మాష్టారు గారి గడువు పద్ధతి నాకు నచ్చింది. నిన్న రాత్రి కోటవీధి గారు, ప్రొద్దుటూరు కోడలు గారు రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. మంచం మీద దించిన సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. చివరికి వస్తాననే అన్నారు. ఎక్కడ తిరగాలో అక్కడికి వెళ్ళాక తానే చెబుతానన్నారు. డాక్టరును కలిసి మాత్ర సంగతి అడుగుతాము. గుత్తిలో దిగగానే ఇడ్లీ తిని, గ్లూకోజు పొట్లాలు ఇద్దరి జేబుల్లో పెట్టుకుని, ఆరూ ముప్పావుకు మొదలుపెడతాము. పిల్లలు, కుర్రవాళ్ళు ముందు వెళ్తారు. నాన్నగారితో నేనూ మా బావగారూ ఉంటాము. తొమ్మిదిన్నరకు రెండు గుంపులూ వెనక్కి తిరుగుతాయి. మురారిరావు గద్దె అని చెప్పే కొండ అంచు మంటపం దాకా చేరితే మంచిది, చేరకపోయినా సరే. నీళ్ళు రెండు లీటర్లే పట్టుకెళ్తాము, ఎందుకంటే ఇప్పుడు పైన ఉండేది నాలుగైదు గంటలే.

గుత్తి కోటవీధి

నా అభిప్రాయం మారలేదు. నేనైతే మొదటి వాకిలి దాటనివ్వను. కానీ మీరు తీసుకెళ్ళడం ఖాయమైతే ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. దిగేటప్పుడు మీరు ఆయనకు ముందు, మీ బావగారు వెనుక ఉండాలి. చేతికర్ర తప్పనిసరి. వాలు బండ వచ్చిన చోట నిటారుగా కాకుండా అడ్డంగా అడుగులు వేయించండి, సిగ్గుపడకుండా కూర్చుని జరగమనండి. పిల్లల సీసాల్లో నీళ్ళు మిగిలినా పారబోయనివ్వకండి, దిగేటప్పుడు ఆయనకు పనికొస్తాయి. రెండు లీటర్లు కాదు, ఆయన వంతు మాత్రం మూడు లీటర్లే ఉంచండి, మోసేది మీ బావగారు కదా. తొమ్మిదిన్నరకు ఆయన ఇంకొక్క వాకిలి, ఇంకొక్క వాకిలి అని అడుగుతారు. మా మామ కూడా అలాగే అడిగారు. అప్పుడు మీరు గడియారం చూపించగలిగితే చాలు.