ఇడ్లీ పిండి పొద్దునకల్లా పులిసిపోతోంది, ఏం చేయాలి?

మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. పిల్లలిద్దరికీ స్కూలు బస్సు 7:10కి. మళ్లీ మధ్యాహ్నం దాకా ఏమీ తినరు కాబట్టి కడుపునిండా పెట్టి పంపాలని నా తాపత్రయం.

గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. రాత్రి 9కి రుబ్బి బయట ఉంచితే, ఈ ఉక్కకి పొద్దున 5:30కల్లా పొంగి పొర్లి పుల్లబడుతోంది. చిన్నది ఒక్క ముక్క తిని పక్కకి తోసేస్తోంది. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే అసలు పొంగదు, ఇడ్లీలు రాళ్లే. ఉప్పు రాత్రే కలిపి చూశాను, చల్లటి నీళ్లతో రుబ్బాను, తేడా లేదు. వంట సోడా వేయడం నాకిష్టం లేదు. ఉప్మా అయితే ఇద్దరూ ముట్టరు.

సాయంత్రం 7కే రుబ్బగలను, రాత్రి 11 దాకా మెలకువగా ఉంటాను. ఎన్ని గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెడితే పులుపు లేని మెత్తటి ఇడ్లీలు వస్తాయి?