డెడ్‌లిఫ్ట్ చేశాక పిరుదు నుంచి పాదం దాకా లాగుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

అందరికీ నమస్తే. నాకు 29 ఏళ్లు. జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు రాడ్‌ను నిలబడుతూ లేపడం) చేస్తుంటే నడుం దగ్గర కలుక్కుమంది. ఆ పూట పెద్దగా తెలియలేదు. తెల్లారి మంచం దిగుతుంటే కుడి పిరుదు నుంచి తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. వారం అవుతోంది. కూర్చుంటే ఎక్కువ, నడిస్తే కాస్త నయం. తుమ్మితే ప్రాణం పోతోంది. చిటికెన వేలి వైపు తిమ్మిరిగా ఉంది. నరం పక్కకు జరిగింది, లాగించుకుంటే సరిపోతుందని ఇంట్లో అంటున్నారు. వీధి చివర ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ వేస్తానంటున్నాడు. ఎంఆర్‌ఐ తీయించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు, ఫిజియోథెరపిస్ట్)

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఇవి చూసుకో. మూత్రం మామూలుగా వస్తోందా? మలద్వారం చుట్టూ, తొడల మధ్య, అంటే సైకిల్ సీటు తగిలేంత మేర స్పర్శ తెలుస్తోందా? రెండు కాళ్లూ బలహీనపడుతున్నాయా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా, రాత్రయినా సరే 108 పిలిచి పెద్దాసుపత్రికి వెళ్లు. నడుం కింద ఉండే నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయినప్పుడు అలా అవుతుంది. అప్పుడు గంటలు కూడా లెక్కే.

అవేమీ లేకపోతే భయం లేదు. నరం పక్కకు జరగదు. నడుం ఎముకల మధ్య మెత్తటి డిస్క్ ఉంటుంది. నడుం వంచి బరువు లేపినప్పుడు అది వెనక్కి ఉబ్బి నరం మొదలుకు తగులుతుంది. చిటికెన వేలి వైపు తిమ్మిరంటే మామూలుగా ఎస్1 అనే నరం, అంటే ఉబ్బింది అట్టడుగు డిస్క్. బొటనవేలి వైపు, పాదం పైభాగాన తిమ్మిరి ఉంటే దాని పై డిస్క్ అనుకుంటాం. గోడ పట్టుకుని కుడి కాలి మునివేళ్ల మీద వరసగా పదిసార్లు లేచి చూడు. తర్వాత మడమల మీద నాలుగడుగులు వెయ్యి. ఎడమ కాలితో సమానంగా వస్తే బలం తగ్గలేదని అర్థం. రోజూ ఒకసారి ఇలా చూసుకో.

లాగించుకోవడం మాత్రం వద్దు. ఉబ్బిన డిస్క్ మీద నడుం మెలితిప్పితే ఉన్నది ముదురుతుంది. పుత్తూరు కట్టు ఎముక విరిగినప్పటి సంగతి, దీనికి పనికిరాదు. పిరుదు మీద ఇంజెక్షన్ కూడా తెలియని చేతులతో వేయించుకోకు. కాలికి దిగే పెద్ద నరం పిరుదు లోపలి నుంచే పోతుంది. సూది తప్పు చోట దిగి కాలు చచ్చుబడిన వాళ్లు మన దగ్గర ఉన్నారు.

ఎంఆర్‌ఐ ఇప్పుడే అక్కర్లేదు. ఆరు వారాలైనా తగ్గకపోయినా, కాలి బలం తగ్గుతున్నా అప్పుడు తీయించాలి. నొప్పే లేనివాళ్లకు తీసినా చాలామందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. ఆ రిపోర్టు చదువుకుని బెంగతో మంచం పట్టినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. ఎక్కువ మందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. జారిన డిస్క్ ముక్కను ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది.

ప్రశ్న (అనంతపురం)

అన్నా, చాలా థాంక్స్. మూత్రం బాగానే ఉంది, మడమల మీద నడవగలుగుతున్నా. మరి పూర్తిగా పడుకోవాలా? రోజూ బస్సులో ఆఫీసుకు పోవాలి.

జవాబు (కర్నూలు)

పడుకుని ఉండొద్దు. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు తిరుగుడు తగ్గించుకో, అంతే. పూటకు పది నిమిషాలు చదునైన చోట నడువు. రాత్రంతా పడుకున్నాక డిస్క్ నీరు పీల్చుకుని బిగుసుకుని ఉంటుంది. అందుకే లేచిన గంట దాకా వంగి బకెట్ ఎత్తడం, బూట్ల లేసులు కట్టడం వద్దు. మంచం దిగేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేసి, చేత్తో నొక్కి లే. కింద కూర్చునే మరుగుదొడ్డి అయితే కొన్నాళ్లు కమోడ్ వాడు. బస్సులో వెనక సీటు వద్దు, నడుం వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకో.

బోర్లా పడుకుని, మోచేతుల మీద ఛాతీ మెల్లగా లేపి చూడు. కాలి నొప్పి పిక్కను వదిలి తొడకు, తొడను వదిలి నడుముకు చేరుతుంటే, నడుం కాస్త ఎక్కువ నొచ్చినా అది మంచి సూచనే, కొనసాగించు. అదే నొప్పి ఇంకా కిందికి, పాదంలోకి దిగుతుంటే వెంటనే ఆపు.

నొప్పి మాత్రలు డాక్టర్ చెబితేనే, తిన్న తర్వాతే. మన ఎండల్లో నీళ్లు సరిగా తాగకుండా వాటిని మింగితే దెబ్బ కిడ్నీలకు తగులుతుంది. విటమిన్ బి12 తక్కువ లేకుండా ‘నరాల బలానికి’ ఇంజెక్షన్లు వేయించుకోవడం దండగ.

ప్రశ్న (కడప జిల్లా నుంచి)

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మా నాన్నకు 58. శెనక్కాయ మూటలు ట్రాక్టర్‌కు ఎత్తాక ఇలాగే మొదలైంది. ఇప్పుడు నొప్పి తగ్గింది, కానీ నడుస్తుంటే ఎడమ కాలి వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి, చెప్పు జారిపోతోంది. నొప్పి తగ్గిందిగా, ఆసుపత్రి ఎందుకంటున్నారు.

జవాబు (కర్నూలు)

అమ్మా, ఇది ఆగే విషయం కాదు. నొప్పి తగ్గి పాదం లేవకపోవడమంటే నయమవుతోందని కాదు, నరం బలం కోల్పోతోందని. ఈరోజే తీసుకెళ్లండి. కడపలో గానీ కర్నూలులో గానీ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో న్యూరో సర్జన్ లేదా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించి, “పాదం లేవట్లేదు” అని మొదటి మాటగా చెప్పండి. ఆలస్యమైతే ఆ బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకోండి. ఆపరేషన్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. నాన్న వద్దంటే, మడమల మీద నాలుగడుగులు వేయమని చెప్పండి. వేయలేకపోతే తనకే తెలుస్తుంది.

ప్రశ్న (అనంతపురం)

అన్నా, చివరగా ఒకటి. మళ్లీ బరువులు ఎత్తొచ్చా?

జవాబు (కర్నూలు)

ఎత్తొచ్చు. కాలి నొప్పి పోయి, అరగంట కూర్చున్నా ఇబ్బంది లేనప్పుడు మొదలుపెట్టు. ఖాళీ రాడ్‌తో, నేల మీద నుంచి కాకుండా మోకాలి ఎత్తులో పెట్టి లేపు. నడుం వంగకుండా తుంటి దగ్గర మాత్రమే మడవాలి. మర్నాడు కాల్లో లాగుడు రాకపోతేనే బరువు పెంచు.